స్లైడ్ ఫిల్మ్ చేస్తానన్న మేనకోడలికి

చి. బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వు పంపిన ప్లాను చేరింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి ఊరికే సంతోషంతో, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఆ రెండో చదువు ఫలితమే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పమన్నావు గానీ, ఫోన్లో అయితే నువ్వు మధ్యలో వాదిస్తావు.

ఆగిపోయిన రంగుల స్లైడ్ ఫిల్మ్‌ని మళ్లీ తయారు చేయాలన్న నీ కోరిక నాకు పిచ్చిగా ఏమీ అనిపించలేదు. ఇరవయ్యేడేళ్లు ఫిల్మ్ కోటింగ్ హాల్లో చీకట్లో నిలబడ్డవాణ్ణి, నాకెందుకు అనిపిస్తుంది? నువ్వు ఆరేళ్ల పిల్లవి, మా ఇంటి గోడకి తెల్ల దుప్పటి కట్టి మీ అమ్మ పెళ్లి స్లైడ్లు వేసి చూపిస్తే, లైటు వేశాక కూడా దుప్పటి వెనక్కి వెళ్లి వెతికావు. ఆ జబ్బు నేనే అంటించానేమో. కాబట్టి వద్దని చెప్పను. కానీ నీ ప్లానులో ఒక వాక్యం కింద మూడు గీతలు గీశాను: "పేటెంట్ల గడువు తీరిపోయింది కాబట్టి ఫార్ములా మన చేతిలో ఉన్నట్టే."

లేదమ్మా. ఆత్రేయపురం పూతరేకుకి కావలసిందేమిటి? నానబోసి రుబ్బిన బియ్యం, నీళ్లు, బోర్లించిన కుండ, కింద మంట, చేతిలో తడి గుడ్డ. దాచిందేమీ లేదు, ఎవరైనా పక్కన కూర్చుని రాసుకోవచ్చు. రాసుకుని ఇంటికొచ్చి చెయ్యి చూద్దాం. పిండి కాస్త చిక్కబడితే అట్టు అవుతుంది, పలచబడితే కుండ మీద మరక అవుతుంది. అక్కడి ఆవిడ మణికట్టుకి తెలిసింది నీ కాగితంలోకి రాలేదు. ఫిల్మ్ కూడా పూతే. కాకపోతే డజనుకు పైగా పూతలు, ఒకదాని మీద ఒకటి, కటిక చీకట్లో, కిలోమీటర్ల పొడవున.

పేటెంట్లు చదువు, తప్పకుండా చదువు. వాటిలో ఏ రకం రసాయనం ఎందుకు పనిచేస్తుందో ఉంటుంది. ఏ పొరలో ఎంత, ఏ వేడి దగ్గర, ఎంతసేపు కలిపాక అన్నది ఉండదు. పైగా ఫ్యాక్టరీ లోపల రసాయనాలకు పేర్లుండవు, కోడ్ నంబర్లుంటాయి. నేను ఏళ్ల తరబడి వాడిన కొన్నిటి అసలు పేర్లు నాకు ఇప్పటికీ తెలీదు. ఆ నంబర్ల వెనక ఏముందో తెలిసిన వాళ్లు రిటైరయ్యారు, కొందరు పోయారు కూడా.

ముందు ఏ ఫిల్మ్ అన్నది తేల్చుకో. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో "వీలైతే కోడాక్రోమ్" అని రాశావు. అది కొట్టేశాను. కోపం తెచ్చుకోకు, ఎందుకో చెబుతాను.

కోడాక్ కంపెనీ వాళ్ల స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్‌ని కనిపెట్టింది ఇద్దరు సంగీతకారులు, లియోపోల్డ్ మేన్స్, లియోపోల్డ్ గొడౌస్కీ. 1935లో సినిమా ఫిల్మ్‌గా బయటికొచ్చింది, మరుసటి ఏడు స్లైడ్ల కోసం వచ్చింది. దాని తమాషా ఏమిటంటే ఆ ఫిల్మ్‌లో రంగుకి మూలమైన పదార్థమే లేదు. ఎరుపుకి, ఆకుపచ్చకి, నీలానికి విడివిడిగా స్పందించే నలుపు తెలుపు పొరలు మాత్రమే ఉంటాయి. రంగంతా కడిగేటప్పుడు లాబ్‌లో ఎక్కించాలి. మొదట నలుపు తెలుపు డెవలపర్, అంటే దాగి ఉన్న బొమ్మని బయటికి తెచ్చే ద్రవం. తర్వాత ఫిల్మ్ అడుగు వైపు నుంచి ఎర్ర లైటు వేసి, సయాన్ రంగు, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం, పుట్టించే డెవలపర్. తర్వాత పైనుంచి నీలం లైటు వేసి, పసుపు పుట్టించే డెవలపర్. ఆపైన మెజెంటా, అంటే ఊదా కలిసిన ముదురు గులాబీ. ఒక్కో తొట్టికి ఒక్కో రసాయనం, రోజూ పరీక్షించడానికి ఒక కెమిస్టు. అంటే నువ్వు ఫిల్మ్ ఫ్యాక్టరీతో పాటు కడిగే ఫ్యాక్టరీ కూడా పెట్టాలి. 2009 జూన్‌లో తయారీ ఆపేస్తున్నామని కోడాక్ ప్రకటించేనాటికి దాన్ని కడిగే లాబ్ లోకం మొత్తానికి ఒక్కటే మిగిలింది, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లో. వాళ్లు 2010 డిసెంబరు 30 దాకా రోల్స్ తీసుకున్నారు. ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకరీకి ఇచ్చిన చివరి రోల్లో 36 ఫ్రేములుంటే, వాటిలో కొన్ని మన ముంబైలో, రాజస్థాన్‌లో తీసినవే. ఆ కథ అక్కడితో అయిపోయింది, దాన్ని అలాగే ఉండనీ.

నువ్వు చేయగలిగితే చేయాల్సింది ఈ-సిక్స్‌లో, అంటే ఇప్పుడు స్లైడ్లన్నీ కడిగే మామూలు పద్ధతిలో, కడిగే ఫిల్మ్. 1936లో జర్మనీలోని వోల్ఫెన్‌లో ఆగ్ఫా వాళ్లు వేరే దారి పట్టారు. రంగుగా మారే పదార్థాన్ని, అంటే కప్లర్‌ని, ఫిల్మ్ పొరలోనే పెట్టేశారు. అది పక్క పొరలోకి పారిపోకుండా దాని అణువుకి కొవ్వులాంటి పొడవాటి తోక తగిలించారు. తర్వాత కోడాక్ వాళ్లు కప్లర్‌ని సన్నటి నూనె బొట్లలో కరిగించి పొరలో కూర్చోబెట్టారు. ఇప్పటి స్లైడ్ ఫిల్ములన్నీ ఆ దారి వారసులే. కడగడం మామూలు లాబ్‌కి కూడా చేతనవుతుంది. భారమంతా ఫిల్మ్ చేసేవాడి నెత్తి మీద పడింది.

నలుపు తెలుపు ఫిల్మ్ చేసినవాడు రంగుల నెగెటివ్ చేయగలడని, నెగెటివ్ చేసినవాడు స్లైడ్ చేయగలడని నువ్వు మెట్లు కట్టావు. మొదటి మెట్టే నిటారుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో హార్మన్ వాళ్లు ఎన్నో దశాబ్దాలుగా నలుపు తెలుపు ఫిల్మ్ చేస్తున్నారు. సొంత ఎమల్షన్ (వెలుగుకి స్పందించే వెండి ఉప్పులు కలిపిన జెలటిన్), సొంత కోటింగ్ మెషీన్, సొంత మనుషులు. అంతటివాళ్లు తమ మొదటి రంగుల ఫిల్మ్ ఫీనిక్స్‌ని 2023 డిసెంబరులో తెచ్చినప్పుడు అది ప్రయోగమే అని వాళ్లే చెప్పుకున్నారు. అదీ నెగెటివ్. మామూలు రంగుల నెగెటివ్‌లకుండే నారింజ రంగు మాస్కు కూడా దానికి లేదు.

నెగెటివ్‌కి రెండో అవకాశం ఉంటుంది. ప్రింటు వేసేటప్పుడో స్కాన్ చేసేటప్పుడో రంగు సరిచేయొచ్చు, వెలుగు తగ్గించొచ్చు. స్లైడ్‌కి అది లేదు. కెమెరాలో ఉన్న ముక్కే చివరి బొమ్మ. అందుకే పత్రికల వాళ్లు, క్యాలెండర్ల వాళ్లు ఒకప్పుడు ముఖచిత్రానికి స్లైడే అడిగేవాళ్లు. ఎదురుగా కనిపించే రంగే అచ్చులో రావాలని పట్టుబట్టేవాళ్లు.

దీనికి అసలు పరీక్ష బూడిద రంగు. నీ శాంపుల్ తయారయ్యాక గులాబీ తోటకి పరిగెత్తకు. ఎండలో ఉన్న సున్నం గోడ, దాని మీద పడ్డ నీడ ఫొటో తియ్యి. వెలుగు నీలంగా, నీడ గులాబీగా వచ్చిందనుకో, మూడు రంగుల పొరల నడక కలవలేదన్నమాట. దీన్ని మేం క్రాసోవర్ అనేవాళ్లం. ఫిల్టరు పెట్టి నీలాన్ని తీసేస్తే నీడ ఇంకా ఎర్రబడుతుంది, ఎటూ దారి ఉండదు. ఎర్ర పొర, పచ్చ పొర, నీలం పొర, మూడూ అతి తెలుపు నుంచి అతి నలుపు దాకా చేతులు పట్టుకుని నడవాలి. ఒక్కో రంగుకి కూడా ఒక పొర సరిపోదు. వెలుగుని త్వరగా పట్టేది ఒకటి, నెమ్మదిగా పట్టేది ఒకటి ఉంటాయి, కొన్ని ఫిల్ముల్లో మూడు కూడా. మధ్యలో ఒక పొర రసం ఇంకో పొరలోకి పోకుండా అడ్డుగోడలు. వెండి ఉప్పులకి నీలం వెలుగు అంటే పుట్టుకతోనే ప్రీతి కాబట్టి, నీలం పొర కింద పసుపు ఫిల్టరు పొర. అన్నిటికీ అడుగున, బేస్ (ఈ పూతలన్నీ మోసే ప్లాస్టిక్ పట్టీ) నుంచి వెలుగు తిరిగి పైకి కొట్టకుండా నల్లటి పొర. ఇదంతా కలిపితే మందం వెంట్రుకలో సగం ఉండదు.

నాకు అన్నం పెట్టిన పని కోటింగ్, కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. ఏటవాలుగా ఉన్న ఉక్కు పలక, దానిలో సన్నటి చీలికలు. ఒక్కో చీలికలోంచి ఒక్కో ద్రవం వస్తుంది, ఒకదాని మీద ఒకటి జారుతుంది, కలవదు. చివర కదులుతున్న బేస్ మీద వాలుతుంది. అన్నీ గోరువెచ్చటి జెలటిన్ నీళ్లే, అయినా కలవవు. మొదటిసారి శిక్షణ గదిలో రంగు నీళ్లతో లైటు వేసి చూపించినప్పుడు నేను నమ్మలేదు. చిక్కదనం, తలతన్యత, వేగం, మూడూ ఆ ఇరుకు హద్దులో ఉన్నంతసేపే ఆ మాయ. ఒక చిన్న గాలి బుడగ ఆ పలక అంచు దగ్గర ఇరుక్కుందంటే, ఆ బుడగ ఉన్నంతసేపు కిలోమీటరు పొడవునా గీత పడుతుంది. వెంటనే చల్ల గాలి తగిలించి జెలటిన్‌ని గడ్డకట్టించాలి. ఆ తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, వేడి పెంచుతూ ఆరబెట్టాలి. తొందరపడితే ముడతలు, ఆలస్యమైతే మెషీన్ చివర తడి ఫిల్మ్ చుట్టుకుపోతుంది.

ఇదంతా చీకట్లో. నలుపు తెలుపు పేపరుకైతే ఎర్ర లైటు పెట్టుకోవచ్చు. అన్ని రంగులకీ స్పందించే ఫిల్మ్‌కి ఏ లైటూ పనికిరాదు. మొదటి ఆరు నెలలు నేను గోడ తడుముకుంటూ నడిచాను. తర్వాత అడుగుల చప్పుడు విని ఎదురుగా వచ్చేది ఎవరో చెప్పేవాణ్ణి. రేడియం ముల్లున్న వాచీ పెట్టుకొచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. నీ ప్లానులో "కెమెరాలు, సెన్సర్లతో పర్యవేక్షణ" అని ఉంది. కళ్లకి కనపడని ఇన్ఫ్రారెడ్‌తో కొంత నడుస్తుంది, కాదనను. కానీ రోలరు బేరింగు అరుగుతోందని ముందు చెప్పేది చెవి. ఆ చెవి ఉన్నవాణ్ణి జీతానికి పెట్టుకో.

ఇప్పుడు లెక్క. నువ్వు కెమికల్ ఇంజనీరువి, ఈ లెక్క నువ్వే చేసి ఉండాల్సింది. 36 ఫొటోల రోలుకి 35 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 1.6 మీటర్ల పొడవు ఫిల్మ్ కావాలి. పెద్ద కోటింగ్ మెషీన్ వెడల్పు 1.3 మీటర్లనుకుందాం. పొడవునా చీలిస్తే 37 పట్టీలు. కిలోమీటరు పొడవు పూత వేస్తే ఒక్కో పట్టీలో 625 రోల్స్. మొత్తం 23 వేల పైచిలుకు. అంచులు, మొదట్లో పారేసేది తీసేసినా ఇరవై వేలు. ఆ మెషీన్లకి కిలోమీటరంటే వార్మప్పు. మీ ముగ్గురూ మొదటి ఏడాది అమ్మగలమని రాసింది నాలుగు వేల రోల్స్. మిగతా పదహారు వేలు ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడేళ్లకి గడువు దాటుతాయి. స్లైడ్ ఫిల్మ్‌లో ముందు దెబ్బతినేది రంగు సమతూకమే.

పెద్ద ఫ్యాక్టరీలు మూతపడటానికి ఇదే కారణం, జనం ప్రేమ తగ్గడం ఒక్కటే కాదు. లక్షల రోల్స్ కోసం కట్టిన మెషీన్ వేల రోల్స్‌కి నడవదు. పావు కిలో పిండికి రైసుమిల్లు తిప్పినట్టు ఉంటుంది.

అందుకే ప్రయోగశాల సైజు మెషీన్‌కే వెళ్లమంటాను. ఇటలీలో ఫెరానియా వాళ్లు అదే చేశారు. ఆ కథ నీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ ప్లాను దానికి కవల పిల్లలా ఉంది. లిగూరియా కొండల్లో ఫెరానియా అనే చోట వందేళ్ల నాటి ఫ్యాక్టరీ. మొదట్లో పేలుడు పదార్థాలు చేసేది. పేలుడుకి వాడే నైట్రోసెల్యులోజే పాత సినిమా ఫిల్మ్‌కి బేస్ కూడా, అందుకని అటు నుంచి ఇటు రావడం తేలికైంది. తర్వాత అమెరికా కంపెనీ త్రీ-ఎం చేతికి వెళ్లింది, స్లైడ్ ఫిల్ములు కూడా చేసింది, చివరికి ఆగిపోయింది. ఇద్దరు ఔత్సాహికులు అక్కడి పరిశోధన భవనాన్ని, అందులోని చిన్న కోటింగ్ మెషీన్‌ని దక్కించుకున్నారు. పాత ఉద్యోగుల్ని వెతికి తెచ్చుకున్నారు. 2014లో జనం దగ్గర చందాల్లా 3,22,000 డాలర్లకు పైగా పోగుచేశారు, ఐదున్నర వేల మందికి పైగా డబ్బు కట్టారు. మరుసటి ఏడాది స్లైడ్ ఫిల్మ్ చేతికిస్తామన్నారు.

తర్వాత మొదలైంది. భవనంలో ఆస్బెస్టాస్. బాయిలరు. కరెంటు, నీళ్లు, ఆవిరి, ఒకప్పుడు పెద్ద ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి, ఇప్పుడు రావు. ఎమల్షన్ గురించి ఆలోచించే లోపలే ఏళ్లు గడిచాయి. 2017లో వాళ్లు తెచ్చింది పీ-30 అనే నలుపు తెలుపు ఫిల్మ్. పాత సినిమా ఫిల్మ్ వారసుడు, మంచి ఫిల్మ్ అంటారు వాడినవాళ్లు. డబ్బు కట్టినవాళ్లు ఎదురుచూసిన స్లైడ్ ఫిల్మ్ మాత్రం పదేళ్లయినా వాళ్ల చేతికి రాలేదు. నేను వాళ్లని తప్పుపట్టను. మెషీన్లని తుక్కు కాకుండా కాపాడటమే పెద్ద పని. కానీ నీ పదకొండో పేజీలో "ముందస్తు బుకింగులు" అని ఉంది చూడు, దాని పక్కన పెన్సిలుతో పెద్ద గుండ్రం చుట్టాను. వస్తువు చేతిలో లేకుండా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోకు. డబ్బు తీసుకున్నాక రోజూ సంజాయిషీ రాయడమే ఒక ఉద్యోగమవుతుంది, ల్యాబ్‌లోకి వెళ్లే టైముండదు. టెన్షన్‌తో చేసిన ఎమల్షన్ బాగుండదని నేను శాస్త్రీయంగా నిరూపించలేను గానీ, బాగుండదు.

ఇక ముడిసరుకు. నిన్ను నిజంగా నిద్రపోనివ్వనిది ఇదే. ఫ్యూజీ వాళ్ల స్లైడ్ ఫిల్మ్ వెల్వియా నీకు తెలుసు, 1990లో వచ్చింది, ప్రకృతి ఫొటోగ్రాఫర్లు దానికోసం ప్రాణం పెట్టారు. 2005 ప్రాంతంలో దాన్ని ఆపేశారు. కొనేవాళ్లు లేక కాదు, కొన్ని ముడి పదార్థాలు దొరక్క. వాటికి బదులు వేరేవి వెతికి, అదే రూపం మళ్లీ తెచ్చి 2007లో అమ్మారు. అంత పెద్ద కంపెనీకే రెండేళ్లు. 2021లో ఇంకోటి జరిగింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒక ఫాస్ఫేట్ రసాయనాన్ని నిషేధిస్తే, అది అతి స్వల్పంగా ఉన్నందుకే వెల్వియా 100ని ఆ దేశంలో అమ్మడం మానేశారు. ఎక్కడో ఒక నియమం మారితే నీ ఫిల్మ్ ఆగిపోతుంది. డజన్లకొద్దీ పదార్థాల్లో ఏ ఒక్కటి తప్పుకున్నా అంతే. పైగా ఒకటి మారిస్తే, దాంతో సర్దుకుపోయిన మిగతావాటిని మళ్లీ సర్దాలి.

జెలటిన్ సంగతి విను, ఇది నాకు చాలా ఇష్టమైన కథ. 1920లలో కోడాక్‌లో శామ్యూల్ షెపర్డ్ అనే శాస్త్రవేత్త, కొన్ని జెలటిన్‌లతో చేసిన ఎమల్షన్ ఎందుకు చురుగ్గా ఉంటుంది, కొన్నిటితో ఎందుకు మొద్దుగా ఉంటుంది అని వెతికాడు. తేలిందేమిటంటే ఆవాల ఘాటుకి కారణమైన గంధకపు పదార్థం. పశువు మేసిన ఆవ మొక్కల నుంచి జెలటిన్‌లోకి చేరిన ఆనవాలు అది. ఆవు ఏం మేసిందో దాన్నిబట్టి ఫొటో. తర్వాత జెలటిన్‌ని శుభ్రంగా కడిగి, గంధకాన్ని కొలిచి కలపడం నేర్చుకున్నారు. అయినా జెలటిన్ జెలటినే. ఒక చలికాలం మా ఫిల్మ్ స్పీడు, అంటే వెలుగుని పట్టే చురుకు, ఉన్నట్టుండి తగ్గింది. మెషీన్ని అనుమానించాం, వెండిని అనుమానించాం, కొత్తగా చేరిన కుర్రాణ్ణి అనుమానించాం, పాపం వాడు ఏడ్చాడు. నాలుగు నెలల తర్వాత తెలిసింది, జెలటిన్ పంపేవాళ్లు ఎముకలు కడిగే నీళ్లు వేరే బావి నుంచి తెస్తున్నారని. మాకు చెప్పాలని వాళ్లకి తోచలేదు. ఎందుకు తోస్తుంది?

ఫిల్మ్ చుట్టే అట్టని కూడా వదలకు. 1945లో కోడాక్ ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్ల చుక్కలు వస్తే వెతుక్కుంటూ పోయారు. ఇండియానా రాష్ట్రంలో ఒక అట్టల మిల్లు నది నీళ్లు వాడింది, ఆ నీళ్లలో న్యూ మెక్సికోలో జరిగిన మొదటి అణుబాంబు పరీక్ష బూడిద ఉంది.

కోడాక్ వాళ్ల ఈ-సిక్స్ స్లైడ్ ఫిల్మ్ ఎక్టాక్రోమ్ విషయం రాసి ఇక నువ్వేం చేయాలో చెబుతాను. 2012 జనవరిలో కోడాక్ దివాలా రక్షణ కోరింది, మార్చిలో ఎక్టాక్రోమ్‌ని ఆపేస్తున్నట్టు చెప్పింది. 2017 జనవరిలో మళ్లీ తెస్తామని ప్రకటించారు, ఆ ఏడాది చివరికల్లా అన్నారు. వచ్చింది 2018 సెప్టెంబరులో. ఒక్కసారి ఆలోచించు. ఫార్ములా వాళ్లదే. రాచెస్టర్‌లోని కోడాక్ ఫ్యాక్టరీలో కోటింగ్ మెషీన్ మూతపడలేదు, సినిమా ఫిల్మ్ చేస్తూనే ఉంది. చేసినవాళ్లు కొందరు ఇంకా డ్యూటీలో ఉన్నారు. ఆగి ఐదేళ్లే అయింది. అయినా దొరకని పదార్థాలకి బదులు వెతుక్కుని, చెప్పినదానికంటే దాదాపు ఏడాది ఆలస్యంగా వచ్చింది. నీ దగ్గర ఇవేవీ లేవు, నువ్వు పద్దెనిమిది నెలలు అంటున్నావు. నేను నవ్వలేదు, మీ అత్తయ్య నవ్వింది.

సరే, ఏం చేయాలి? నేనైతే ఇలా వెళ్తాను.

మొదటి ఆరు నెలలు ఫిల్మ్ చేయకు, కడుగు. బజార్లో దొరికే ఎక్టాక్రోమ్, ఫ్యూజీ వాళ్ల ప్రోవియా కొని ఈ-సిక్స్‌లో కడుగు. మొదటి డెవలపర్ 38 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాలు. అక్కడ అర డిగ్రీ జారినా రంగు, గాఢత మారిపోతాయి. ప్రతివారం ఒకే ఎక్స్‌పోజరుతో ఒక ముక్క కడిగి, మెట్లమెట్లుగా ఉన్న బూడిద రంగు పట్టీని డెన్సిటోమీటర్‌తో (ఫిల్మ్ గాఢత చెప్పే పరికరం) కొలిచి గ్రాఫు గియ్యి. ఆ గీత పన్నెండు వారాలు కదలకుండా ఉంటేనే ఎమల్షన్ జోలికి వెళ్లు. లేకపోతే రేపు నీ ఫిల్మ్ పచ్చగా వచ్చినప్పుడు తప్పు ఫిల్మ్‌దా తొట్టిదా అన్నది తేలదు. నీ కుర్రాళ్లకి ఇది విసుగ్గా ఉంటుంది. విసుగు పుట్టనివాణ్ణి ఉంచుకో, మిగతావాళ్లకి వెబ్‌సైటు పని చెప్పు.

తర్వాత ఒకే ఒక్క పొర. పచ్చ వెలుగుకి స్పందించి మెజెంటా ఇచ్చేది. మన కంటికి తేడాలు ఎక్కువ తెలిసేది అక్కడే, కాబట్టి అక్కడ నేర్చుకున్నది వృథా పోదు. చుట్టూ తీగ చుట్టిన కడ్డీతో చేత్తో పూత వెయ్యి, ఏ-ఫోర్ కాగితమంత ముక్క చాలు. ఆ ఒక్క పొర వారం తర్వాత, నెల తర్వాత, ఏప్రిల్ ఎండలో వారం పెట్టాక ఎలా ఉందో చూడు. రెండో పొర వేసినప్పుడు మొదటిదాని రంగు రెండోదాంట్లోకి కారుతుంది, అందరికీ కారుతుంది, బెంగపడకు. అడ్డుపొర ఎందుకు కనిపెట్టారో అప్పుడు నీకు ఒంటికి పడుతుంది.

బేస్ నువ్వు చేయకు, కొనుక్కో. జెలటిన్ అంటుకునేలా సబ్బింగ్ చేసిందే కొను. పాలియెస్టర్ చవకగా గట్టిగా ఉంటుంది గానీ, అంచు నుంచి వెలుగుని గొట్టంలా లోపలికి లాగుతుంది. కెమెరాలో ఎండలో లోడ్ చేస్తే మొదటి ఫ్రేములు పోతాయి. ట్రైఅసిటేట్‌కి ఆ బాధ తక్కువ.

కప్లర్లు, సెన్సిటైజింగ్ డైలు (వెండి ఉప్పులకి ఎరుపు, ఆకుపచ్చ వెలుగు కూడా తెలిసేలా చేసే రంగులు) మాత్రం నీ ఊళ్లోనే అడుగు. ఈ విషయంలో నువ్వు రాచెస్టర్ కంటే అదృష్టవంతురాలివి. జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల ముడిసరుకు చేసే కంపెనీల్లో, ఎనిమిది తొమ్మిది దశల సింథసిస్‌ని కిలోల్లో చేసిపెట్టగల కెమిస్టులున్నారు. వాళ్లకి నువ్వు ఏం చేస్తున్నావో చెప్పు, దాచకు. మందుకి పనికొచ్చిన శుద్ధి ఫిల్మ్‌కి సరిపోకపోవచ్చు, ఇనుము, రాగి, గంధకం ఆనవాళ్లు విడిగా అడగాలి. ప్రతి లాటు నుంచి యాభై గ్రాములు ఫ్రీజర్లో దాచు. మా బావి కథ మీకు జరిగినరోజు ఆ యాభై గ్రాములే నిన్ను కాపాడతాయి.

మనుషులు. మన దేశంలోనే ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉండేది, 1960లో పెట్టారు, 1967 నుంచి ఇందు పేరుతో ఫిల్మ్, పేపరు, ఎక్స్‌రే ఫిల్మ్ చేసింది. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లు ఇంకా ఉంటారు. వెళ్లి కూర్చో. ప్రశ్నల పట్టిక తీసి చదవకు. "పూత మీద చారలు వస్తే ఏం చేసేవారు సార్?" అని ఒక్కటి అడిగి నోరు మూసుకో. నీకు కావలసింది వాళ్ల చేతుల్లో ఉంది, అడిగితే రాదు, కథ చెబుతుంటే వస్తుంది. కాఫీ ఎన్నిసార్లు ఇచ్చినా తాగు.

అమ్మడం గురించి ఒక్క మాట. మొదట అమ్మేది రంగుల స్లైడ్ కాకూడదు. పోలరాయిడ్ ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఆగిపోయినప్పుడు, 2008లో నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే ఫ్యాక్టరీ మెషీన్లని కాపాడినవాళ్లకి పాత రసాయనాలు దొరకలేదు. కొత్తగా కనిపెట్టాల్సి వచ్చింది. 2010లో వాళ్లు మొదట తెచ్చింది నలుపు తెలుపే, అదీ కెమెరా నుంచి బయటికి రాగానే చేత్తో వెలుగు తగలకుండా కాపాడాల్సిన సరుకు. జనం కొన్నారు. ఇది పాతది కాదు, కొత్తది, ఇంకా నేర్చుకుంటున్నాం అని వాళ్లు చెప్పారు కాబట్టి కొన్నారు. నువ్వు కూడా స్లో స్పీడు నలుపు తెలుపు ఫిల్మ్‌తో మొదలుపెట్టు, రివర్సల్‌లో, అంటే నెగెటివ్ కాకుండా నేరుగా అసలు బొమ్మే వచ్చేలా, కడిగితే అందమైన స్లైడ్ వచ్చేది. కోటింగ్ నేర్చుకున్నట్టుంటుంది, జీతాలు వస్తాయి. రంగు ఆ వెనకే నడుస్తుంది, ఎనిమిదేళ్లో పదేళ్లో. అప్పుడు కూడా అది పాత ఫిల్మ్ కాదు, నీ ఫిల్మ్. డబ్బా మీద పాత పేరు తగిలించకు. పాత పేరు పెడితే జనం పాత స్లైడ్ పక్కన పెట్టి పోలుస్తారు, ఆ పోలికలో ఎవడూ గెలవలేదు.

నా నోటుబుక్కులు రెండు పార్సిల్ చేస్తున్నాను. కంపెనీ రహస్యాలేమీ లేవు, ఉంటే పంపను. చారలు, బుడగలు, ముడతలు, ఏది ఎందుకు వచ్చిందో బొమ్మలు వేసి రాసుకున్నవి. కొన్ని పేజీలకి జెలటిన్ అంటుకుంది, ఆవిరి పట్టి మెల్లగా విడదియ్యి. మీ అమ్మ పెళ్లి స్లైడ్లలో నాలుగు కూడా పెట్టాను. అవి కొలవడానికి, గోడ మీద వేయడానికి కాదు. పెళ్లి పందిట్లో తెల్ల పంచెలున్నాయి చూడు, వెలుగులోవీ నీడలోవీ. డెన్సిటోమీటర్ పెట్టి మూడు రంగుల్లో చదువు. ఇన్నేళ్ల తర్వాత రంగు ఎంత నిలిచిందో నాకు రాయి.

నీ మొదటి మెజెంటా ముక్క తయారైనప్పుడు కడగకుండా ఒకటి నాకు పంపు. కొరియర్‌లో వద్దు, ఎవరైనా ఇటు వచ్చేవాళ్లతో, నల్ల కవర్లో చుట్టి చేతి సంచిలో పెట్టమను. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే మెషీన్‌లో వేయకుండా చేత్తో చూడమని అడగమను. ఇక్కడ మెట్ల కింద నా డార్క్‌రూమ్ ఇంకా ఉంది. మీ అత్తయ్య అందులో ఉల్లిపాయలు పోసింది గానీ, ఖాళీ చేయిస్తాను.

ఇట్లు,
మామయ్య